పండగ వెళ్ళాక ఇంకో భోగి

ఏంటే, నువ్వు కూడా అందరిలాగే మొదలుపెట్టావా! ‘జపాన్ దాకా వెళ్ళి టోక్యో చూడకుండా వచ్చావా అక్కా’ అంటూ పొద్దున్నించీ అందరూ ఇదే పాట. చూడలేదమ్మా. ఫుజీ కొండ చూడలేదు, బుల్లెట్ రైలు ఎక్కలేదు. నారా అని ఒక్క ఊరు చూశాను. మూడున్నర లక్షల జనం, మన బెజవాడలో మూడో వంతు. ఆ ఊళ్ళోనే మకాం, ఆ ఊళ్ళోనే నడక. కాళ్ళు నొప్పెడితే కూర్చున్నాను, ఆకలేస్తే తిన్నాను.

నీకు గుర్తుందా, ఆ మధ్య మన చుట్టాలంతా కలిసి పోయిన ఉత్తరాది యాత్ర? తెల్లారుజామున లేపడం, బస్సులో కుక్కడం, గుడి ముందు దింపి ‘అరగంటలో వచ్చెయ్యాలి’ అనడం. ఇంటికొచ్చి ఫొటోలు చూసుకుంటే ఇది హరిద్వారమా రిషీకేశమా అని మనలో మనమే కొట్టుకున్నాం. అందుకే అమ్మాయి ‘టోక్యో, క్యోటో, హిరోషిమా అన్నీ కలిపి ప్లాను వేస్తానమ్మా’ అంటే వద్దన్నాను. దాని ఉద్యోగం ఒసాకాలో, దాని గది అగ్గిపెట్టంత. ఒసాకా నంబా స్టేషన్లో రైలెక్కితే నలభై నిమిషాల్లో నారా. నన్ను అక్కడ ఒక సత్రంలో దింపి, ఆఫీసు రోజుల్లో అది ఒసాకా వెళ్ళిపోయేది, శని ఆదివారాలు నాతో ఉండేది. మిగతా అంతా నేనూ, నా ఊలు టోపీ.

మీ బావ ఎందుకు రాలేదని అడుగుతావేంటే, తిరువూరులో పుట్టి! జనవరి అంటే మామిడి పూత కాదూ. పొగమంచు రెండు పూటలు పట్టిందంటే బూడిద తెగులు, మబ్బు పట్టిందంటే తేనెమంచు పురుగు. మందు కొట్టించే మనిషి దొరికిన రోజు నీళ్ళ ట్యాంకరు దొరకదు. ఆయన తోట వదిలి అంగుళం కదలరు. ఆయనకి కుదరని కాలమే నాకు కుదిరింది. అరిసెలు వండేశాను, వచ్చిన వాళ్ళందరికీ చీరలూ పసుపుకుంకాలూ ఇచ్చి పంపేశాను. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, అందుకని ముక్కనుమ కూడా కానిచ్చి గన్నవరంలో విమానం ఎక్కాను. ఇంకో లాభం కూడా ఉంది. జపాన్‌లో కొత్త సంవత్సరం హడావిడి జనవరి మొదటి వారంతో తీరిపోతుంది. మళ్ళీ మార్చి ఆఖర్లో చెర్రీ పూలు పూసేదాకా జనం పల్చన, గదులు చవక. ఒక యెన్ అంటే మన అరవై పైసలకు కాస్త అటూ ఇటూ.

చలా? చలి ఉంటుందమ్మా, ఎందుకుండదు. పొద్దున్నే సున్నా దగ్గర, మధ్యాహ్నం ఎనిమిదీ తొమ్మిదీ డిగ్రీలు. మంచు కురిసే ఊరు కాదుగానీ గాలి మాత్రం కోస్తుంది. చీర మీద స్వెట్టరు వేసుకుని వెళ్దామనుకుంటున్నావేమో, ఆ ఆలోచన మానుకో. ఒంటికి అతుక్కునే థర్మల్ బట్టలు, పైన ప్యాంటు, మందపాటి కోటు, కాళ్ళకు బూట్లు. ఇన్నేళ్ళు ప్యాంటు వేసుకోని నేను వేసుకున్నా. ఎవరూ చూడలేదు, ఆకాశం ఊడిపడలేదు. అక్కడ ‘కైరో’ అని చిన్న పొట్లాలు అమ్ముతారు, ఏ కొట్లో చూసినా ఉంటాయి. లోపల ఇనుప రజను, ఉప్పు, కాస్త తేమ, బొగ్గుపొడి. కవరు చింపి గాలి తగలనిస్తే చాలు, ఇనుము తుప్పు పడుతూ వేడి పుట్టిస్తుంది. జేబులో వేసుకుంటే సాయంత్రం దాకా చేతులు వెచ్చగా ఉంటాయి. చొక్కాకి అంటించుకునే రకం కూడా ఉంది. బట్ట మీదే అంటించు, ఒంటికి అంటిస్తే కాలుతుంది. నీ మోకాళ్ళ నొప్పులకి అవి రెండు డజన్లు పట్టుకొచ్చా, నీ వాటా పక్కన పెట్టాను.

ఇంకోటి చెప్పనా, నవ్వకు. మరుగుదొడ్డి సీటు వెచ్చగా ఉంటుందే! చలిలో లేచి కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. రైల్వే స్టేషన్లో కూడా శుభ్రంగా ఉంది, డబ్బులు అడిగేవాడు లేడు. నువ్వు పెద్దపెద్ద గోపురాల గురించి అడుగుతావు, నేను దీని దగ్గరే ఆగిపోతాను. బస్సు ప్రయాణమంటే ముందు రోజు నించీ మంచినీళ్ళు తాగడం మానేసే ఆడవాళ్ళం మనం. ఈ సంగతి తెలియకుండా ఊళ్ళు చూడమంటే ఎలా?

సత్రంలో చాప నేల, దాని మీద పరుపు. కింద వేడినీళ్ళ స్నానాల గది. ఆడవాళ్ళకు వేరు, మగవాళ్ళకు వేరు. ముందు బయట చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళు రుద్దుకోవాలి, ఆ తర్వాతే తొట్లో దిగాలి. ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. మొదటి రోజు తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చా. రెండో రోజు డెబ్భై ఏళ్ళ ముసలావిడ ఒకావిడ నా చెయ్యి పట్టుకుని నవ్వుతూ లోపలికి తీసుకెళ్ళింది. అక్కడ ఎవరి ఒళ్ళు వాళ్ళదే, ఎవరి కళ్ళూ ఎవరి మీదా పడవు. ముగ్గురు పిల్లల తల్లి పొట్టైనా, ఆపరేషన్ మచ్చైనా దాచుకునే పని లేదు. కానీ చూడు, మన నాయనమ్మ వచ్చుంటే తలుపు దగ్గరే ఆపేవాళ్ళు. మోచేతి దాకా పచ్చబొట్లు కదా ఆవిడకి! అక్కడ పచ్చబొట్టంటే రౌడీ ముఠాల గుర్తని చాలా స్నానాల గదుల్లో రానివ్వరు. నాయనమ్మని రౌడీ అంటే ఊరుకునేదా ఆవిడ?

తిండికి భయపడ్డాను నిజమే. మామూలు రోజుల్లో చేపా కోడీ తింటాగానీ శనివారం నీచు ముట్టను కదా. అక్కడ కూర అన్నా చారు అన్నా ఎండబెట్టిన చేప తురుము వేసి కాచిన నీళ్ళే. పైకి చూస్తే అంతా కాయగూరలే కనపడతాయి, అడిగితేగానీ తెలియదు. కానీ నారాకి దాని సొంత తిండి ఒకటుంది. చాగాయు అంటారు. వేయించిన తేయాకు నీళ్ళలో బియ్యం పలచగా ఉడికించి ఉప్పేసిన జావ. ఆ ప్రాంతంలో పాతకాలం నించీ పొద్దుటి తిండి అదే. శనివారం పొద్దున రెండు గిన్నెలు తాగా. పక్కన ఊరగాయ పెట్టారు, దోస జాతి కాయ ముక్కలు, తేనెరంగులో నిగనిగలాడుతున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పున సారా వాసన! బియ్యం సారా తీశాక మిగిలిన పిప్పిలో ఆ ముక్కల్ని నెలలూ ఏళ్ళూ ఊరేస్తారట. శనివారం నీచు తినని నేను సారా ఊరగాయ తిననా? పక్కకి జరిపి, బ్యాగులోంచి మన కందిపొడి తీశా. సన్నటి సోమెన్ సేమ్యాలు కూడా ఆ పక్కనే ఉన్న మివా ఊరివే. చలికాలం వేడివేడిగా గిన్నెలో పోసిస్తారు.

ఇక జింకల సంగతి. నువ్వు ఫొటోలో చూసింది జూ కాదు. ఊరి నడుమ పార్కులో, రోడ్డు మీద, గుడి మెట్ల మీద వెయ్యికి పైనే జింకలు వాటిష్టం వచ్చినట్టు తిరుగుతాయి. 768లో కట్టిన కసుగా గుడి దేవుడు తెల్ల జింక నెక్కి ఆ ఊరొచ్చాడని వాళ్ళ నమ్మకం. అప్పటి నించీ అవి దేవుడి జింకలు. ఒకప్పుడు జింకని చంపితే మరణశిక్షేనట. అందుకే నారా వాళ్ళు తెల్లారకముందే లేస్తారని ఒక పాత వేళాకోళం ఉంది. రాత్రి తమ గుమ్మంలో జింక ఏదైనా చచ్చి పడుందేమో చూసుకుని, ఉంటే మెల్లిగా పక్కింటి గుమ్మంలోకి జరపడానికట! మనుషులు ఎక్కడైనా మనుషులే కదమ్మా.

వాటికి పెట్టడానికి తవుడూ పిండీ కలిపి చేసిన పలచటి బిస్కెట్లు అమ్ముతారు. చక్కెర ఉండదు. చేతిలో చూపిస్తే తల వంచి దణ్ణం పెడతాయి, పెడితే తింటాయి. ఆలస్యమైతే కోటు పట్టి లాగుతాయి. చలికాలం గడ్డి తక్కువ, ఆకలి ఎక్కువ, ఒక ముసల్ది నా చేతిలోని ఊరి మ్యాపు లాక్కుని నమిలేసింది. చలికాలానికి ముందే బొచ్చు రంగు కూడా మారిపోతుంది వాటికి, వేసవి చుక్కలు పోయి మట్టిరంగు వస్తుంది. మగవాటి కొమ్ములు అక్టోబరులోనే కోసేస్తారు, మనుషుల్ని పొడవకుండా. ఒక్క మాట చెప్పాలి. ఆ బిస్కెట్లూ, వాటి చుట్టూ ఉండే కాగితం పట్టీ తప్ప ఇంకేదీ వాటి ముందు పడనివ్వద్దు. 2019లో చచ్చిపోయిన ఒక జింక కడుపులోంచి నాలుగు కిలోల పైన ప్లాస్టిక్ తీశారు. మన బస్టాండు దగ్గర ఆవుల కడుపు కోస్తే ఎంత వస్తుందో ఎవరూ తూచలేదంతే.

జింకల్ని దాటుకుని పోతే తోదాయ్‌జీ. ముందు పెద్ద చెక్క ద్వారం, రెండు పక్కలా ఎనిమిది మీటర్ల పైచిలుకు ద్వారపాలకులు. 1203లో ఉన్కేయ్, కైకేయ్ అనే శిల్పులు మనుషుల్ని పెట్టుకుని రెండు నెలల చిల్లరలో చెక్కించారట. లోపల హాలు చూస్తే మెడ నొప్పెడుతుంది. అంతా చెక్కే, 57 మీటర్ల వెడల్పు, దాదాపు 49 మీటర్ల ఎత్తు. అది కూడా 1709లో కట్టిన చిన్న హాలట! మొదటిది ఇంకా వెడల్పుట. 1180లో యుద్ధంలో తగలబడింది, మళ్ళీ కట్టారు, 1567లో మళ్ళీ తగలబడింది. లోపల కంచు బుద్ధుడు పదిహేను మీటర్లు, కూర్చునే. తల తర్వాతి కాలంది, పాదపీఠం రేకుల్లో కొన్ని మాత్రం మొదటివే.

ఆ బుద్ధుడి కథ వింటే నీకు కరోనా రోజులు గుర్తొస్తాయి. 735 నించి రెండు మూడేళ్ళ పాటు మశూచి వచ్చి ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. రాజుగారి దగ్గర పెద్ద పదవుల్లో ఉన్న అన్నదమ్ములు నలుగురూ పోయారు. షోము చక్రవర్తి దిగాలుపడి 743లో ఆజ్ఞ ఇచ్చాడు, ఇంత పెద్ద విగ్రహం పోయించాలి, గడ్డిపోచ తెచ్చినా గుప్పెడు మట్టి తెచ్చినా చేయి వేయాలనుకున్న వాళ్ళందర్నీ రానివ్వండని. పూతకి బంగారం చాలక సతమతమవుతుంటే 749లో ఉత్తరాన ముత్సు అనే చోట దొరికింది. చివరికి 752లో విగ్రహానికి కళ్ళు దిద్దారు. మన గుళ్ళలో కూడా ప్రతిష్ఠకి నేత్రోన్మీలనం చేస్తారు కదా, అదే. ఆ కళ్ళు దిద్దింది ఎవరనుకున్నావ్?

మన దేశపు సన్యాసి! బోధిసేనుడు. దక్షిణాది బ్రాహ్మడు, చైనా మీదుగా 736లో జపాన్ చేరాడు. ఆయన చేతిలో కుంచె. ఆ కుంచెకు పొడుగాటి దారాలు కట్టి, కింద నిలబడ్డ వాళ్ళు తలా ఒకటి పట్టుకున్నారట, కళ్ళు దిద్దిన పుణ్యం అందరికీ రావాలని. ఆ కుంచె ఇవాళ్టికీ షోసోయిన్ అనే ఖజానాలో ఉంది. 1180లో కాలిపోయాక మళ్ళీ పోసిన విగ్రహానికి 1185లో అదే కుంచెతో కళ్ళు దిద్దారు. బోధిసేనుడు మళ్ళీ ఇంటిముఖం చూడలేదు, 760లో అక్కడే పోయాడు.

ఇదంతా నాకు చెప్పింది ఒక పెద్దాయన. రిటైరయ్యాక ఊరికే యాత్రికుల్ని తిప్పి చూపించే వాళ్ళు ఉంటారక్కడ, పైసా తీసుకోరు. నాకొచ్చిన ఇంగ్లీషు, ఆయనకొచ్చిన ఇంగ్లీషు సరిసమానం, అందుకే బాగా అర్థమైంది. ఏ దేశం అన్నాడు. ఇండియా, దక్షిణం, కృష్ణా నది పక్కన అన్నాను. ఆయన ఆగిపోయి, రెండు చేతులూ జోడించి ‘ర్యూజు’ అన్నాడు. ఎవరో అర్థం కాలేదు. ఫోనులో రాసి చూపించాడు. నాగార్జునుడట. ఆయన్ని జపాన్‌లో ఎనిమిది బౌద్ధ శాఖలకు మూలపురుషుడంటారు. నారా రాజధానిగా ఉన్న 710–784 కాలంలో అక్కడి సన్యాసులు కూర్చుని చదివిన పుస్తకాల్లో ఆయన మధ్యమక శాస్త్రం ముఖ్యమైనదట.

మరి మనకి నాగార్జున అంటే ఏంటి చెప్పు? ఒకటి సాగర్ ఎడమ కాల్వ, ఈ ఏడు మన చివరి భూములకి నీళ్ళొస్తాయా రావా అన్న గొడవ. రెండోది అక్కినేని వారబ్బాయి. ఆ రెండూ తప్ప మూడో నాగార్జునుడి గురించి నేను మాట్లాడింది లేదు. నాగార్జునకొండకి నువ్వూ నేనూ కాలేజీ రోజుల్లో లాంచీలో వెళ్ళాం, పులిహోర తిన్నాం, ఫొటో దిగాం. ఆ పెద్దాయన నా ముందు చేతులు జోడించి నిలబడితే నాకు సిగ్గేసింది. ఆ నమస్కారం నాది కాదు కదా.

హాల్లో వెనకాల ఒక స్తంభానికి అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. బుద్ధుడి ముక్కు రంధ్రమంత అని చెబుతారు, అందులో దూరి బయటికొస్తే మంచి జరుగుతుందట. పిల్లలు జారిపోతున్నారు. అమ్మాయి నన్నూ దూరమంది. సంక్రాంతి అరిసెలు నడుం మీదే ఉన్నాయి, అగ్నిమాపక దళాన్ని పిలవాల్సొస్తుందన్నా.

అగ్నిమాపక దళం అంటే గుర్తొచ్చింది, అసలు సంగతి ఇంకా చెప్పనేలేదు. జనవరి నాలుగో శనివారం. ఏటా ఆ రోజే. మధ్యాహ్నం కసుగా గుడి దగ్గరున్న పెద్ద పచ్చిక మైదానానికి వెళ్ళాం. అక్కడ జనం సంచులు పట్టుకుని వరసగా వస్తున్నారు. ఏంటా అని తొంగి చూశా. కొత్త సంవత్సరానికి గుమ్మాలకి కట్టుకున్న గడ్డి తాళ్ళు, అలంకరణలు, నిరుడు గుళ్ళో కొనుక్కున్న రక్షరేకులు. అన్నీ కుప్ప పోసి నిప్పు పెడుతున్నారు! పాతది కాల్చి కొత్తేడుని ఇంట్లోకి తెచ్చుకోవడం. నేను పది రోజుల కిందట తిరువూరు వీధిలో పిడకల దండలూ పాత చాటలూ వేసి వచ్చిన భోగిమంట అక్కడ ఇంకోసారి వెలిగింది. మనది తెల్లారుజామున, వాళ్ళది పగటి పూట. మనం తలంటుకుని వెళ్తాం, వాళ్ళు కోట్లేసుకుని వస్తారు. అంతే తేడా. నా జేబులో నిరుడు నెమలి వేణుగోపాలస్వామి గుళ్ళో కట్టిన ఎర్ర దారం ఒకటుంది, రంగు వెలిసిపోయి. అమ్మాయి వద్దు వద్దంటున్నా అక్కడి వాళ్ళకి చూపించాను, వాళ్ళు తల వంచి తీసుకుని కుప్పలో వేశారు. కృష్ణుడికి ఏం అభ్యంతరం ఉంటుంది?

సాయంత్రం ఆ మంట నించే నిప్పు తీసుకుని, పాతకాలపు దుస్తుల్లో సన్యాసులూ పూజారులూ ఊరేగింపుగా వకకుసా కొండ కిందికి తీసుకెళ్తారు. కొండంటే మరీ పెద్దది కాదు, 342 మీటర్లు. చెట్లుండవు, కింది నించి పైదాకా గడ్డే, చలికి ఎండి గోధుమరంగులో ఉంటుంది. ముందు బాణసంచా. తర్వాత ఆరున్నరకి ఊరి అగ్నిమాపక దళం వాళ్ళు కాగడాలతో కొండ చుట్టూ ఒక్కసారి అంటించారు. ముప్ఫై హెక్టార్ల పైన గడ్డి. మొదట ఎర్రటి గీతలు, తర్వాత గీతలు కలిసిపోయి మొత్తం కొండ. చిటపటల చప్పుడు మేం నిలబడ్డ దాకా వినపడింది. వాసన కూడా. వరికోతలైన పొలాల్లో మోళ్ళు కాల్చిన వాసనే అది, నీకు చెప్పక్కర్లేదు. పక్కన పిల్లాణ్ణి భుజాన ఎక్కించుకున్న తండ్రి, వీల్‌చెయిర్లో ముసలాయన, థర్మోస్‌లోంచి టీ పోసుకుంటున్న అమ్మలక్కలు. అరుపుల్లేవు, తోపులాట లేదు. అందరూ ఆ వెలుగుకి ఎర్రబడ్డ ముఖాలతో కొండకేసి చూస్తున్నారు.

ఎందుకు కాలుస్తారంటే తలా ఒక కథ. ఆ కొండ హద్దుల దగ్గర తోదాయ్‌జీకీ, కోఫుకుజీ అనే ఇంకో గుడికీ పోట్లాట వచ్చిందని, దాన్ని తీర్చడానికి తగలబెట్టారని ఒకటి. కొండ మీది పాత సమాధిలోంచి దెయ్యం ఊళ్ళోకి దిగకుండా కాల్చేవాళ్ళని ఇంకోటి. నాకు మొదటిదే నిజమనిపిస్తుంది. గట్టు తగాదాలు మనకి కొత్తా! కొన్నేళ్ళు గడ్డి తడిసి సరిగ్గా అంటుకోదట, అప్పుడు ఊరంతా ఉసూరుమంటారట. వానొస్తే వాయిదా వేస్తారు. మాకు మాత్రం ఆకాశం శుభ్రంగా ఉంది.

మర్నాడు పొద్దున ఒక్కదాన్నే నిగత్సుదో అనే చిన్న గుడి వసారా ఎక్కాను. టిక్కెట్టు లేదు, రాత్రైనా పగలైనా ఎక్కొచ్చు. ఊరంతా కనపడుతుంది. పక్క గదిలో ఉచితంగా టీ ఉంటుంది, తాగి గిన్నె మనమే కడిగి పెట్టాలి. అక్కడ మార్చి మొదటి రెండు వారాలు రాత్రుళ్ళు సన్యాసులు పెద్ద కాగడాలు పట్టుకుని ఆ వసారాలో పరుగెత్తుతారట, నిప్పురవ్వలు కింద జనం మీద పడితే మంచిదని. 752లో మొదలైంది, ఒక్క ఏడాది కూడా ఆగలేదు. గుడి కాలిపోయిన ఏడు కూడా ఆపలేదు, కరోనా ఏడు కూడా. మార్చిలో ఇంటర్ పరీక్షలు కాబట్టి నీకు కుదరదు, నువ్వు జనవరికే కట్టుబడు.

అవునే, ఇంకో ముచ్చట! టీ కొట్లో ఇద్దరు ఆడపిల్లలు ఎక్కడి నించి అని అడిగారు. తెలుగు అన్నానో లేదో ‘నాటు నాటు’ అంటూ చేతులు ఊపారు. 2022 అక్టోబరులో అక్కడ ‘ఆర్ఆర్ఆర్’ విడుదలైంది, నెలల తరబడి ఆడింది. అంతకన్నా గొప్ప సంగతి, ఒసాకాకి దగ్గర్లోనే తకరజుకా అని ఊరుంది. అక్కడ 1914 నించి ఆడవాళ్ళు మాత్రమే ఆడే నాటక సమాజం ఉంది. వాళ్ళు 2024 జనవరిలో ‘ఆర్ఆర్ఆర్’ని రంగస్థలం మీద ఆడారు. భీమ్ ఆడపిల్లే, రామ్ ఆడపిల్లే, మీసాలతో సహా! అది చూసుంటే మాత్రం టోక్యో చూడకపోయినా గర్వంగా చెప్పుకునేదాన్ని.

మీ బావకి ఏం తెచ్చానా? ఆయన ఫోనులో అడిగింది ఒకటే, ‘అక్కడ మామిడి ధరెంత?’ జనవరిలో వాళ్ళ మామిడి ఉండదు. స్ట్రాబెర్రీల కాలం. నారా వాళ్ళు పెంచే రకం ఒకటి ఉంది, పేరు ఆసుకా రూబీ, ఒక్కో పండుకీ ఒక్కో గూడు చేసి అట్టపెట్టెలో పెడతారు. ఆ పెట్టె ఫొటో పంపితే ఆయన ‘మనం గంపల్లో కుమ్మరిస్తాం’ అని ఊరుకున్నారు. పండు ఈగ భయంతో 1986 నించి 2006 దాకా జపాన్ మన మామిడిని రానివ్వలేదు, తెలుసా? తర్వాత ఆవిరి వేడి పట్టించి పంపితే సరేనన్నారు. ఒప్పుకున్న ఆరు రకాల్లో మన బంగినపల్లి ఒకటి. ఇప్పుడు మన వైపు కూడా కాయకి కాగితం సంచులు తొడుగుతున్నారు కదా, ఆ పెట్టె ఫొటో చూశాక మీ బావ వచ్చే కాపుకి కొన్ని చెట్లకైనా తొడిగిస్తానంటున్నారు. కూలీ లెక్క చూశాక ఏమంటారో చూడాలి.

ఇంతకీ నిన్ను పిలిచింది జపాన్ కబుర్ల కోసమే కాదు. జగ్గయ్యపేట మన జిల్లాలోదే కదా. అక్కడ ధనంబోడు మీద బౌద్ధ స్తూపం ఉందని స్కూల్లో చదివాం, ఎప్పుడైనా వెళ్ళామా? 1882లో బర్జెస్ దొర తవ్వించాడు. దాంట్లో దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం, పైనించి నాణేల వాన పడుతుంటుందే, అది చెన్నై మ్యూజియానికి పోయింది. అక్కడే ఒక శాసనం దొరికింది. నాగార్జునాచార్యుడి శిష్యుడు జయప్రభాచార్యుడు, ఆయన శిష్యుడు చంద్రప్రభుడు, బుద్ధుడి బొమ్మ నిలబెట్టించాడని. అక్షరాల తీరు చూసి ఆరో శతాబ్దం అంటారు. నారా పెద్దాయన దణ్ణం పెట్టిన నాగార్జునుడు అంతకి నాలుగు వందల ఏళ్ళ ముందు వాడు, కాబట్టి ఈయన ఆ పేరు పెట్టుకున్న ఇంకో గురువై ఉండాలి. అయితేనేం, చూసొద్దాం. మిగిలింది ఇటుకల దిబ్బా, చుట్టూ రాతి పలకలేనట. ఉండనీ. ఆదివారం మరిదిని కారు అడుగు, ఆయన రానక్కర్లేదు, డ్రైవరుంటే చాలు. అరగంటలో వచ్చెయ్యాలని తొందరపెట్టే వాళ్ళెవరూ ఉండకూడదు.

ఖర్చెంతయిందా? అది ఇక్కడ అనకు, మీ బావ వరండాలోనే ఉన్నారు. ఆదివారం కార్లో చెబుతా.